ట్యాంకు విధ్వంసక ఆయుధాల ఎంపిక (వార్‌హామర్ 40,000)

నిర్వచనం, పరిధి

బల్ల మీద బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధక్రీడల్లో శత్రువు ట్యాంకులను, సాయుధ వాహనాలను, నడిచే యంత్రాలను, భారీ జీవులను కూల్చడం కోసం సైన్యంలో చేర్చుకునే ఆయుధాలను ట్యాంకు విధ్వంసక ఆయుధాలంటారు. సైన్స్ ఫిక్షన్ యుద్ధక్రీడల్లో బాగా పేరున్న వార్‌హామర్ 40,000లో లాస్‌కానన్, మెల్టాగన్, క్రాక్ మిసైల్, రైల్‌గన్, బ్రైట్ లాన్స్ వంటివి ఈ కోవకు వస్తాయి. దగ్గరి పోరులో వాడే చైన్‌ఫిస్ట్, థండర్ హామర్ కూడా ఇందులోవే. వీటిలో ఏవి, ఎన్ని, ఎవరి చేతికి ఇవ్వాలన్నది ఆట మొదలవక ముందే, సైన్యం జాబితా రాసుకునేటప్పుడే ఆటగాడు తేల్చుకోవాలి. ఈ వ్యాసంలోని అంకెలు, ప్రత్యేకంగా చెప్పని చోట, 2023 జూన్‌లో వచ్చిన 10వ ఎడిషన్‌వి.

చరిత్ర

పటాల మీద యుద్ధ విన్యాసాలు నేర్పడానికి ప్రష్యా సైన్యం 1824 నాటికే క్రీగ్‌ష్పీల్ అనే ఆటను వాడుకుంది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ పేరుతో బొమ్మ సైనికుల ఆటకు నియమాలు రాశాడు. ఆ ఆటలో స్ప్రింగు ఫిరంగితో చెక్క గుళ్లు నిజంగానే పేల్చేవారు. గుండు తగిలి బొమ్మ పడితే పడినట్టే. పాచికలతో కవచాన్ని ఛేదించే లెక్కలు తర్వాతి తరం ఆటలవి.

లండన్‌లో 1975లో మొదలై, తర్వాత నాటింగ్‌హామ్‌కు మారిన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో వార్‌హామర్ 40,000 తొలి పుస్తకాన్ని ‘రోగ్ ట్రేడర్’ ఉపశీర్షికతో విడుదల చేసింది. దాని ప్రధాన రచయిత రిక్ ప్రీస్ట్‌లీ. 1993 నాటి 2వ ఎడిషన్‌లో వాహనం ఒక్కో భాగానికి ఒక్కో కవచ విలువ ఉండేది. ఛేదన లెక్కకు ఒకేసారి పలు పాచికలు వేసి కూడాల్సి వచ్చేది. పెద్ద సైన్యాలతో ఆడితే సాయంత్రమంతా దానికే సరిపోయేది.

1998లో వచ్చిన 3వ ఎడిషన్ ఆ లెక్కను కుదించింది. వాహనానికి ముందు, పక్క, వెనుక అని మూడు కవచ విలువలు, 10 నుంచి 14 వరకు. ఆయుధపు స్ట్రెంత్‌కు, అంటే దెబ్బ బలానికి, ఒక పాచిక విలువ కలిపితే వచ్చే మొత్తం కవచ విలువకు సమానమైతే పైపై దెబ్బ, మించితే లోపలికి దిగిన దెబ్బ. ఈ పద్ధతి కొద్దిపాటి మార్పులతో 2014 నాటి 7వ ఎడిషన్ దాకా నడిచింది. ఆ రోజుల్లో ఎంపిక ఎంత పదునుగా ఉండేదో 2008 నాటి 5వ ఎడిషన్ చూపిస్తుంది. ల్యాండ్ రైడర్ అనే ట్యాంకుకు అన్ని వైపులా 14 కవచం. లాస్‌కానన్ స్ట్రెంత్ 9. పాచిక మీద 6 పడితే తప్ప దెబ్బ లోపలికి దిగదు. దిగినా, నష్టం పట్టికలో 5 గానీ 6 గానీ పడితేనే వాహనం ధ్వంసమవుతుంది. 3+ తో, అంటే పాచిక మీద 3 గానీ అంతకు మించి గానీ పడితే, గురి కుదిరే సైనికుడు పేల్చిన ఒక గుండుకు ల్యాండ్ రైడర్ కూలే అవకాశం 27లో ఒకటి, అంటే నాలుగు శాతం కూడా లేదు. అదే సైనికుడు మెల్టాగన్‌తో ఆరు అంగుళాల లోపల నిలబడితే రెండు పాచికలు కలుపుకోవచ్చు. నష్టం పట్టికలోనూ ఒక అంకె అదనంగా వచ్చేది. అప్పుడు అవకాశం దాదాపు 21 శాతం. స్పేస్ మెరీన్ సైన్యాలు చిన్న దళాలకు మెల్టాగన్లు ఇచ్చి, రైనో రవాణా వాహనాల్లో ఎక్కించి శత్రువు ముఖం మీదికి తోలడం ఆ కాలపు పరిచిత దృశ్యం. దానికి కారణం ఈ లెక్కే.

2012లో 6వ ఎడిషన్ వాహనాలకు హల్ పాయింట్లు తెచ్చింది. రైనోకు మూడు, ల్యాండ్ రైడర్‌కు నాలుగు. పైపై దెబ్బ కూడా ఒక పాయింటును లాగేసేది. దాంతో ఒకే బలమైన దెబ్బ కంటే ఆటోకానన్ లాంటి మధ్యరకం, బహుళ గుళ్ల ఆయుధాలు తేలికపాటి వాహనాలపై ఎక్కువ ఫలితమిచ్చాయి.

అసలు మలుపు 2017 నాటి 8వ ఎడిషన్. కవచ విలువలు, ముందు వెనుకల తేడా, నష్టం పట్టిక, అన్నీ పోయాయి. ట్యాంకుకూ మనిషికీ ఒకటే కొలమానం: టఫ్‌నెస్ (గట్టిదనం), వూండ్లు (కూలేలోపు భరించగల నష్టం), సేవ్ (దెబ్బను కాచుకునే పాచిక). అంతకుముందు మామూలు పదాతి తుపాకీ అయిన బోల్టర్‌తో ల్యాండ్ రైడర్ మీద గీత కూడా పడేది కాదు. 2017 నుంచి పాచిక మీద 6 పడితే ఏ తుపాకీ అయినా దేన్నైనా గాయపరచగలదు. ఈ మార్పు మీద పాత ఆటగాళ్ల గొణుగుడు ఇంకా పూర్తిగా ఆగలేదు. నిజానికి ఆ బోల్టర్లు చేసే నష్టం ఎంతో కింద లెక్కలో తేలుతుంది.

2020 నాటి 9వ ఎడిషన్ కాలంలో మెల్టాగన్ కంటే భారీదైన మల్టీ-మెల్టాకు రెండు గుళ్లు వచ్చాయి. 2023లో తిరిగి వాహనాల వంతు వచ్చింది. ల్యాండ్ రైడర్ టఫ్‌నెస్ 8 నుంచి 12కు పెరిగింది. లాస్‌కానన్ స్ట్రెంత్ కూడా 9 నుంచి 12కు చేరింది. మెల్టా ఆయుధాలు మాత్రం 8 నుంచి 9 దగ్గరే ఆగిపోయాయి. ఆ ఒక్క తేడాతో రెండింటి మధ్య పాత లెక్కలన్నీ తారుమారయ్యాయి.

పనితీరు

ఒక గుండు పేలితే బల్ల మీద నాలుగు మెట్లు నడుస్తాయి. మొదటిది తాకడం. స్పేస్ మెరీన్లలో చాలామందికి 3+, ఇంపీరియల్ గార్డ్ సైనికులకు 4+, ఓర్క్‌లకు 5+. రెండోది గాయం. ఆయుధపు స్ట్రెంత్ లక్ష్యపు టఫ్‌నెస్‌కు రెట్టింపో అంతకు మించో ఉంటే 2+, ఎక్కువైతే 3+, సమానమైతే 4+, తక్కువైతే 5+, సగమో అంతకంటే తక్కువో అయితే 6. మూడోది సేవ్. ఆయుధపు ఛేదన విలువను, అంటే ఏపీని, లక్ష్యం వేసే సేవ్ పాచిక విలువలోంచి తీసేస్తారు. నాలుగోది డ్యామేజ్, అంటే లక్ష్యం కోల్పోయే వూండ్ల సంఖ్య.

ఒక ఉదాహరణ. ల్యాండ్ రైడర్‌కు టఫ్‌నెస్ 12, సేవ్ 2+, వూండ్లు 16. దాని మీద 3+ తో తాకే లాస్‌కానన్ ఒక గుండు పేల్చింది. తాకే అవకాశం మూడింట రెండు. స్ట్రెంత్ 12, టఫ్‌నెస్ 12 కాబట్టి గాయానికి 4+, అంటే సగం. ఏపీ మూడు కాబట్టి 2+ సేవ్ కాస్తా 5+ అవుతుంది, మూడింట రెండు వంతులు విఫలం. అన్నీ గుణిస్తే తొమ్మిదింట రెండు. దెబ్బ పడితే ఒక పాచిక విలువకు ఒకటి కలిపినంత నష్టం, సగటున 4.5. మొత్తం మీద ఒక గుండుకు సగటు నష్టం సరిగ్గా ఒక వూండ్. అంటే ఆ ట్యాంకును కూల్చడానికి సగటున పదహారు లాస్‌కానన్ గుళ్లు కావాలి.

సగటు చెప్పని సంగతి ఒకటుంది. తొమ్మిది గుళ్లలో ఏడు ఏమీ చేయకుండానే పోతాయి. నాలుగు లాస్‌కానన్లు ఉన్న ఆటగాడు ఒక వంతులో నాలుగు వూండ్లు తీస్తానని అనుకుంటాడు. జరిగేదేమిటంటే, ఒకసారి సున్నా, మరోసారి తొమ్మిది. ఈ రకం లెక్కలకు ఆటగాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు మ్యాథ్‌హామర్. సగటు ఒక్కటే చూసి ఆయుధం ఎంచుకున్నవాళ్లు తొలి వంతులోనే పాచికల్ని తిట్టుకోవడం పరిపాటి.

ఇదే ట్యాంకు మీద పదిమంది మెరీన్లు బోల్టర్లతో తలా రెండు గుళ్లు పేల్చారనుకుంటే, ఇరవై గుళ్లూ కలిసి తీసేది సగటున 0.37 వూండ్. ఒక్క లాస్‌కానన్ గుండు చేసే పనిలో సగం కూడా కాదు.

మెల్టా లెక్క వేరు. స్ట్రెంత్ 9 కాబట్టి ల్యాండ్ రైడర్ మీద గాయానికి 5+ కావాలి. కానీ ఏపీ నాలుగు. పైగా పరిధిలో సగం దూరంలో ఉంటే డ్యామేజ్‌కు రెండు అదనం. దూరంగా ఉంటే ఒక గుండు సగటు నష్టం 0.65, దగ్గరైతే 1.02. లాస్‌కానన్‌తో దాదాపు సమానం. మల్టీ-మెల్టా రెండు గుళ్లు పేలుస్తుంది కాబట్టి దానికి రెట్టింపు. టఫ్‌నెస్ 9, సేవ్ 3+, వూండ్లు 10 ఉన్న రైనో మీద లాస్‌కానన్ గుండు సగటున 1.67 తీస్తే, దగ్గరి మెల్టా గుండు 1.83 తీస్తుంది. రైనో స్థాయి వాహనాలకు మూడు మల్టీ-మెల్టాలు చాలు, దగ్గరికి చేరగలిగితే.

ఆ చేరడంలోనే చిక్కంతా ఉంది. మల్టీ-మెల్టా పరిధి 18 అంగుళాలు, అందులో సగం తొమ్మిది. ఆకాశం నుంచి దిగే డీప్ స్ట్రైక్ దళాలు శత్రువుకు తొమ్మిది అంగుళాలు దాటిన దూరంలోనే దిగాలి. తొమ్మిది అయినా కుదరదు, దాటాలి. అందువల్ల దిగిన వంతులోనే మెల్టా అదనపు నష్టం దక్కదు. ఆట రాసినవాళ్లు ఆ రెండు అంకెలను కావాలనే ఎదురెదురుగా పెట్టారని టేపు పట్టుకుని కొలిచిన ఎవరికైనా అనిపిస్తుంది.

రకాలు

దూరపు ఏకగుండు ఆయుధాలు: లాస్‌కానన్ పరిధి 48 అంగుళాలు, ఎల్దారీ సైన్యపు బ్రైట్ లాన్స్‌ది 36, టౌ సైన్యపు హామర్‌హెడ్ ట్యాంకు రైల్‌గన్‌ది 72. చివరిది ఈ వర్గంలో అతిశయం. స్ట్రెంత్ 20, ఏపీ అయిదు, పాచిక విలువకు ఆరు కలిపిన డ్యామేజ్. ఒక్క దెబ్బ దిగితే కనీసం ఏడు, గరిష్ఠంగా పన్నెండు. అయితే పేలేది ఒకే గుండు. గురి తప్పితే ఆ వంతుకు అంతే సంగతి.

మెల్టా వర్గం: దగ్గరి దూరానికి, ఎక్కువ ఛేదనకు. ఎల్దారీల ఫైర్ డ్రాగన్లు, టౌల ఫ్యూజన్ బ్లాస్టర్లు, స్పేస్ మెరీన్ ఎరాడికేటర్లు ఈ కోవలోనివే.

క్షిపణులు: మిసైల్ లాంచర్‌ను రెండు రకాలుగా పేల్చవచ్చు. ట్యాంకుల మీదికి క్రాక్, గుంపుల మీదికి ఫ్రాగ్. క్రాక్‌కు స్ట్రెంత్ 9, ఏపీ రెండు. ఏ పనిలోనూ మొదటి స్థానం దక్కని ఆయుధం, ఏ ఆటలోనూ వృథా కాని ఆయుధం.

ప్రత్యేక నియమాలున్నవి: కొన్ని ఆయుధాలు స్ట్రెంత్ ఒక్కదాని మీదే ఆధారపడవు. పాత ఎడిషన్లలో 12 మించిన కవచాన్ని 12గానే లెక్కించే లాన్స్ నియమం, పాచిక మీద 2 పడినా చాలు, పైపై దెబ్బ కొట్టే హేవైర్ అటువంటివి. 10వ ఎడిషన్‌లో ‘యాంటీ-వెహికల్’ అనే నియమం ఆ స్థానంలోకి వచ్చింది. చైన్‌ఫిస్ట్‌కు అది 3+. టఫ్‌నెస్ ఎంతైనా సరే, వాహనం మీద పాచిక 3 పడితే గాయమే.

జీవాయుధాలు: టైరానిడ్లు అనే జీవుల సైన్యానికి యంత్రాలు లేవు. ఆ లోటును టైరానోఫెక్స్ అనే భారీ జీవి మోసే రప్చర్ కానన్ తీరుస్తుంది. స్ట్రెంత్ 18, రెండు గుళ్లు.

ఎంపికను నిర్ణయించే అంశాలు

లక్ష్యం. ఎదుటి సైన్యం ఏమిటో తెలియని పోటీలో ఆయుధాలు అన్నిటికీ పనికిరావాలి. డ్యామేజ్ ఒక సైనికుడి నుంచి పక్కవాడికి పారదు. ఒకే వూండ్ ఉన్న ఇంపీరియల్ గార్డ్ సైనికుడి మీద లాస్‌కానన్ పేల్చితే చచ్చేది ఒక్కడే. అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అందుకే ట్యాంకు విధ్వంసకాలతోనే నింపిన జాబితా వందమంది కాల్బలం ఎదురైతే నీళ్లు నములుతుంది.

ఇన్వల్నరబుల్ సేవ్. ఏపీ తగ్గించలేని రక్షణ ఇది. సేవ్ 3+, ఇన్వల్నరబుల్ 4+ ఉన్న లక్ష్యం మీద ఏపీలో మొదటి అంకె మాత్రమే పనిచేస్తుంది, మిగతాదంతా వృథా. ఇలాంటి వాటి మీద ఎక్కువ గుళ్లు, నిలకడైన డ్యామేజ్ ఉన్న ఆయుధాలు మేలు.

మరుగు. శిథిలాల చాటున కొంత దాగిన ట్యాంకుకు సేవ్‌లో ఒక అంకె మెరుగుపడుతుంది. పైన చెప్పిన ల్యాండ్ రైడర్ 5+ బదులు 4+ తో కాచుకుంటుంది. లాస్‌కానన్ సగటు నష్టం పావు వంతు పడిపోతుంది. బల్ల మీద గోడలు ఎక్కువైతే 48 అంగుళాల పరిధి కాగితం మీద అంకెగానే మిగులుతుంది. రెండు వేల పాయింట్ల ఆటకు సూచించే బల్ల 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు. అంతటి స్థలంలో అడ్డం లేని చూపు దొరికే చోట్లు చాలా తక్కువ.

మోసేవారు. ఎంపికలో ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేదీ, ఎక్కువ నష్టపోయేదీ ఇక్కడే. ఒకే లాస్‌కానన్ పదాతి దళంలోని సైనికుడి చేతిలో ఒకలా, ట్యాంకు మీద మరోలా బతుకుతుంది. సైనికుణ్ణి మామూలు బోల్టర్లతోనే ఏరేయవచ్చు. ట్యాంకును కూల్చాలంటే ఎదుటివాడు తన ట్యాంకు విధ్వంసకాలను ఖర్చు పెట్టాలి. పాత ఎడిషన్లలో ఇంకో ఇబ్బంది ఉండేది. దళమంతా సాధారణంగా ఒకే లక్ష్యం మీద పేల్చాలి. పదిమంది మెరీన్లలో ఒకరికి లాస్‌కానన్ ఇస్తే, అతను ట్యాంకును కొట్టే వంతులో మిగతా తొమ్మిది బోల్టర్లు దండగయ్యేవి. 2017 నుంచి ఒక్కో ఆయుధం వేర్వేరు లక్ష్యాన్ని ఎంచుకోవచ్చు. అయితే ఏది దేనిమీదో పాచికలు వేయక ముందే చెప్పాలి.

తోడ్పాటు నియమాలు. 3+ తో తాకే ఆయుధానికి గురి తప్పిన పాచికలను మళ్లీ వేసుకునే వీలుంటే తాకే అవకాశం మూడింట రెండు నుంచి తొమ్మిదింట ఎనిమిదికి పెరుగుతుంది. ఇది మూడింట ఒక వంతు అదనం. మూడు లాస్‌కానన్లున్న చోట నాలుగోది ఉచితంగా వచ్చినట్టే. స్పేస్ మెరీన్ల ‘ఓత్ ఆఫ్ మొమెంట్’ నియమం ఎంచుకున్న ఒక శత్రుదళం మీద ఈ సౌకర్యమిస్తుంది. ఓర్క్‌ల గురి అధ్వాన్నం కాబట్టి వాళ్ల దారి సంఖ్య. ట్యాంక్‌బస్టా దళాలు రాకెట్లతో గుంపుగా వచ్చి, పది పేల్చితే మూడు తగులుతాయన్న లెక్కన ఆడతాయి.

పాయింట్లు. పాత ఎడిషన్లలో లాస్‌కానన్‌కు విడిగా పాయింట్లలో ధర ఉండేది. అది కావాలంటే మరేదో వదులుకోవాలి. 10వ ఎడిషన్ చాలా సైన్యాల్లో దళానికి ఒకే ధర నిర్ణయించి, లోపలి ఆయుధాలను ఉచితం చేసింది. జాబితా రాయడం తేలికైంది. దానితోపాటే చవక ఆయుధాన్ని ఎంచుకోవడానికి ఉన్న కారణమూ పోయింది. ఖరీదైనదీ చవకదీ ఒకే ధరకు దొరుకుతుంటే చవకదాన్ని కోరుకునేవారు అరుదు. ఎంపిక వైవిధ్యం పరంగా ఇది నష్టమేనని చెప్పాలి.

కాల్పుల క్రమం

ఆయుధాలు సరిగ్గా ఎంచుకున్నా, పేల్చే వరుస తప్పితే ఫలితం రాదు. రవాణా వాహనంలో ఉన్నవారిని కొట్టడం కుదరదు. ముందు ట్యాంకు విధ్వంసకాలతో వాహనాన్ని పగలగొట్టి, దిగిపడిన దళం మీద బోల్టర్లు, హెవీ బోల్టర్లు పేల్చడం ప్రామాణిక పద్ధతి. అనుభవజ్ఞులు అన్నిటికంటే నమ్మకమైన ఆయుధాన్ని చివరికి అట్టేపెడతారు. ముందు పేల్చినవాటితో వాహనం కూలితే, దాన్ని వేరే లక్ష్యం మీదికి తిప్పవచ్చు.

బొమ్మల తయారీ, అయస్కాంతాలు

ఈ ఎంపికకు ఒక భౌతిక పార్శ్వం ఉంది. బొమ్మ చేతిలో ఏ ఆయుధం కనిపిస్తే అదే ఆటలోనూ ఉండాలన్నది చాలా పోటీల్లో పాటించే నియమం. ప్లాస్టిక్ కిట్లలో తరచూ రెండు మూడు ఆయుధాల ముక్కలు వస్తాయి. ఒకటి అంటిస్తే మిగతావి పెట్టెలో మిగులుతాయి. ఎడిషన్ మారి మెల్టా విలువ పడిపోయినప్పుడు, జిగురుతో అంటించిన చేతులు పీకలేక తలపట్టుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

దీనికి ఆటగాళ్లు కనిపెట్టిన మార్గం చిన్న నియోడైమియం అయస్కాంతాలు. భుజం దగ్గర చేతి డ్రిల్లుతో అయస్కాంతం మందాన గుంట తొలిచి, ఒక చుక్క సూపర్‌గ్లూతో అందులో దించుతారు. తుపాకీ వైపూ అంతే. ధ్రువాలు సరిచూసుకోవడం ఇందులో కీలకం. అయస్కాంతాన్ని మొదటిదానికి అతుక్కోనిచ్చి, బయటి ముఖం మీద మార్కర్‌తో చుక్క పెట్టుకుని, ఆ చుక్క గుంటలోకి వెళ్లేలా రెండోది దించాలి. తిరగబడితే, రంగులన్నీ వేశాక లాస్‌కానన్ భుజానికి అతుక్కోకుండా ఎగిరి బల్ల కింద పడుతుంది.

ఇతర ఆటల్లో

అన్ని ఆటలూ ఛేదన పద్ధతిని పాటించవు. అమెరికాలో 1984లో వెలువడిన బ్యాటిల్‌టెక్‌లో కవచం అరిగిపోయే సొత్తు. ప్రతి యంత్రానికి ఒక కాగితం, దాని మీద భాగాలవారీగా గళ్లు. దెబ్బ తగిలిన కొద్దీ పెన్సిలుతో కొట్టేస్తూ పోతారు. చిన్న తుపాకీ దెబ్బ కూడా ఎంతో కొంత అరగదీస్తుంది. అక్కడి ఎంపికలో తల ఒక గీటురాయి. నిండు కవచమున్న తలకు తొమ్మిది గళ్లు, లోపలి నిర్మాణానికి మూడు, మొత్తం పన్నెండు. పార్టికిల్ ప్రొజెక్టర్ కానన్ నష్టం 10 కాబట్టి ఒక్క దెబ్బకు తల పోదు. గాస్ రైఫిల్‌ది 15, పెద్ద ఆటోకానన్‌ది 20, ఆ రెండిటికీ పోతుంది. రెండు పాచికలు వేసి చూసే తగిలిన చోటు పట్టికలో తల రావాలంటే 12 పడాలి, అంటే 36లో ఒక అవకాశం. అయినా బరువు, వేడి, మందుగుండు లెక్కలన్నీ పక్కనపెట్టి గాస్ రైఫిల్ వైపు మొగ్గేవాళ్లను ఆ ఒక్క అవకాశమే లాగుతుంటుంది.

ఆటలో ప్రాధాన్యం

ట్యాంకు విధ్వంసకాలు ఎన్ని ఉండాలన్న ప్రశ్న ఒక ఆటగాడిది మాత్రమే కాదు. ఎదుటివాళ్లు ఏం తెస్తారన్న అంచనాతో అది ముడిపడి ఉంటుంది. వాహనాలు తప్ప మరేమీ లేనివాటి వంటి ఏకరకం సైన్యాలను ఆటగాళ్లు స్క్యూ జాబితాలంటారు. భారీ యంత్రాలతోనే నిండిన ఇంపీరియల్ నైట్స్ దీనికి తిరుగులేని ఉదాహరణ. అటువంటి సైన్యం ఎదురైతే సగం జాబితా నిండా ఉన్న చిన్న తుపాకులు దాదాపు చేతులు కట్టుకుని కూర్చోవాలి. నైట్స్ ఎక్కువ ఆడే ఊళ్లో అందరూ లాస్‌కానన్లు పెంచుకుంటారు. దాంతో నైట్స్ ఓడుతుంటే వాటి యజమానులు కాల్బలం వైపు తిరుగుతారు. కొన్నాళ్లకు లాస్‌కానన్లకు లక్ష్యాలు కరవవుతాయి. గేమ్స్ వర్క్‌షాప్ 10వ ఎడిషన్‌లో కొన్ని నెలలకోసారి పాయింట్లను సవరిస్తూ వచ్చింది. సవరణ వెలువడిన వారం అయస్కాంతాలున్నవాళ్లు భుజాలు మారుస్తారు, లేనివాళ్లు కొత్త పెట్టె కొంటారు.